కార్డు బాకీ సెటిల్‌మెంట్: లెటర్ చేతికొచ్చాకే పైసలు

ప్రశ్న:

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర ఊరు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్న. జీతం 24 వేలు. నాన్న ఆపరేషన్ అప్పుడు రెండు క్రెడిట్ కార్డులు వాడిన. పెద్ద కార్డుకు ఏడు నెలల సంది ఒక్క రూపాయి కట్టలే. ఆపిన నాడు బాకీ 1,12,000 ఉండె, ఇప్పుడు 1,58,000 అంటున్నరు. చిన్న కార్డు మీద 42 వేలు ఉన్నది, దానికి రెండు నెలలు కట్టలే. నా జీతం పడే ఖాతా ఆ చిన్న కార్డు ఇచ్చిన బ్యాంకులోనే ఉన్నది. పెద్ద కార్డు ఏజెంటు ఫోన్ చేసి, "95 వేలకు సెటిల్ చేస్తం, ఇయ్యాల 20 వేలు కొట్టు, లెటర్ తర్వాత వస్తది" అంటున్నడు. దేవరకొండలో ఉన్న మా బామ్మర్దికి కూడా ఫోన్లు పోతున్నయి. పోలీసులు వస్తరు, పొలం జప్తు అయితది అని బెదిరిస్తున్నరు. హైదరాబాద్‌లో ఒక సెటిల్‌మెంట్ కంపెనీ 15 వేలు ముందు కడితే 70 శాతం మాఫీ చేయిస్తమంటున్నది. నాన్న పేరు మీద రెండెకరాలున్నది. యాసంగి వడ్ల పైసలు ఖర్చులు పోను 70 వేలు చేతికొస్తయి, కార్డుకు కట్టుమని నాన్నే అంటున్నడు. ఇంట్లో మూడు తులాల బంగారం ఉన్నది. వచ్చే ఏడు పాప ఇంజనీరింగ్‌లో చేరుతది. ఏం చేయమంటరు?

సమాధానం:

పెద్ద కార్డును సెటిల్ చేసుకోండి. చిన్న కార్డును మాత్రం సెటిల్‌మెంట్ దాకా పోనివ్వద్దు, దాన్ని పూర్తిగా కట్టేయండి. కంపెనీకి 15 వేలు ఇవ్వకండి. ఏజెంటు అడిగిన 20 వేలు లెటర్ రాకముందు కొట్టకండి. నాలుగింటికీ కారణాలు వేరు. వరసగా చెబుతాం. వరస కూడా ముఖ్యమే, ముందు చిన్న కార్డు, తర్వాతే పెద్దది.

కార్డు వడ్డీని మన ఊరి లెక్కలో ఒకసారి చూడండి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం పైనే ఉంటుంది. 3.6 శాతం అనుకుందాం. నూటికి నెలకు 3 రూపాయల 60 పైసలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 65 పైసలు. మొత్తం నాలుగుంపావు రూపాయల వడ్డీ. మన దగ్గర మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణే జనం తిట్టుకుంటారు. ఈ లెక్కన మీ 42 వేల మీద నెలకు 1,780 రూపాయలకు పైగా పడుతుంది. చాలా బ్యాంకుల్లో మినిమం డ్యూ 5 శాతం దగ్గర ఉంటుంది, మీకు అది 2,100 అవుతుంది. అది కడితే అసలులో తగ్గేది మూడొందల పైచిలుకు మాత్రమే. పైగా పాత బాకీ మిగిలి ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకిన ప్రతిదానికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, వడ్డీ లేని యాభై రోజుల గడువు వర్తించదు. మినిమం కట్టుకుంటూ పోయినవాళ్ల బాకీ ఏళ్లు గడిచినా అట్లనే ఉండడానికి కారణం ఇదే.

చిన్న కార్డుకు మీ దగ్గరే మందు ఉంది. ఆ మూడు తులాల్లో కొంత బ్యాంకులో కుదువపెట్టి 42 వేలు తీసుకోండి. ప్రైవేటు కుదువ దుకాణం కాదు, బ్యాంకే. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 350 రూపాయలు. కార్డు మీద పడే 1,780కి, దీనికి పోలికే లేదు. బంగారం మీద అప్పుకు బ్యాంకులు సిబిల్ స్కోరును, అంటే మీరు అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కును, పెద్దగా పట్టించుకోవు కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. ఒక జాగ్రత్త: చిన్న కార్డు ఇచ్చిన బ్యాంకులో కుదువపెట్టకండి. ఆ బంగారాన్ని కార్డు బాకీ తీరేదాకా విడిపించనివ్వని షరతులు కొన్ని బ్యాంకుల పత్రాల్లో ఉంటాయి.

ఇది ఈ నెలలోనే ఎందుకంటే, మినిమం మొత్తాన్ని గడువు తేదీ నుంచి 90 రోజుల్లోపు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, అంటే మొండి బాకీ. మీరు రెండు నెలల దగ్గర ఉన్నారు. ఆలస్యం జరిగినట్టు సిబిల్‌లో ఇప్పటికే పడి ఉంటుంది, కానీ ఎన్‌పీఏ ముద్ర దానికంటే చాలా బరువైనది. రెండో కారణం మీ జీతం ఖాతా. కార్డు ఇచ్చిన బ్యాంకులోనే మీ పొదుపు ఖాతా ఉంటే, బాకీ కింద అందులోని డబ్బును జమ వేసుకునే హక్కును బ్యాంకు కార్డు ఒప్పందంలోనే రాసుకుంటుంది. ఒకటో తారీఖున జీతం పడుతుంది, రెండో తారీఖుకు ఖాతా ఖాళీ అవుతుంది లేదా హోల్డ్ పడుతుంది. పెద్ద కార్డు బ్యాంకులో మీకు ఏ ఖాతా ఉన్నా ఇదే ప్రమాదం. వడ్ల పైసలు నాన్న ఖాతాలోనే పడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఆ ఖాతాలో మీ పేరు కూడా జాయింటుగా ఉందేమో, అది పెద్ద కార్డు బ్యాంకేమో ఒకసారి చూసుకోండి. ఏజెంటు పంపిన లింకులోనో ఫారంలోనో ఆ ఖాతా నంబరు మాత్రం ఇవ్వకండి.

చిన్న కార్డు తీరాక రద్దు చేయకండి. లిమిట్ 10, 15 వేలకు తగ్గించమని రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. పెద్ద కార్డు సెటిల్ అయ్యాక కొత్త కార్డు దొరకడం కష్టం. ఈ పాతదాని మీద నెలకో చిన్న ఖర్చు పెట్టి, గడువులోపు పూర్తిగా కడుతూ పోతే మీ పేరు మళ్లీ నిలబడడానికి అదే ఆధారం. కార్డు చేతిలో ఉంటే మళ్లీ వాడేస్తాననే భయం ఉంటే రద్దే మంచిది. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలని, దాటితే రోజుకు 500 రూపాయలు మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది.

ఇక పెద్ద కార్డు.

బ్యాంకు తక్కువకు ఒప్పుకునేది జాలితో కాదు. ఖాతా ఎన్‌పీఏ కాగానే దాని మీద వచ్చే వడ్డీని బ్యాంకు తన ఆదాయంగా చూపించుకోలేదు, మీ ఖాతాలో మాత్రం రాస్తూనే ఉంటుంది. పైగా తనఖా లేని బాకీ కాబట్టి అసలులో 25 శాతాన్ని నష్టం కింద తన లాభాల్లోంచి పక్కన పెట్టాలి. ఎన్‌పీఏ అయి ఏడాది దాటితే నూటికి నూరు శాతం పక్కన పెట్టాలి. అక్కడి నుంచి మీరు కట్టే ప్రతి రూపాయీ దానికి మిగులే. అందుకే బాకీ పాతబడిన కొద్దీ రాయితీ పెరుగుతుంది. మీది ఎన్‌పీఏ అయి నాలుగు నెలలే. ఇంకో ఎనిమిది నెలలు ఆగితే ఇంకా తక్కువకు రావచ్చన్నది నిజమే. కానీ ఆ ఎనిమిది నెలలూ ఫోన్లు, నోటీసులు, బహుశా ఆర్బిట్రేషన్ కేసు (కోర్టు బయట మధ్యవర్తి ముందు నడిచేది), పైన నెలకు 6,700 దాకా రాసే వడ్డీ. వచ్చే ఏడు పాప చదువు అప్పు కోసం మీరు బ్యాంకు మెట్లెక్కేనాటికి ఈ ఖాతా తెరిచి ఉండడం మీకు మంచిది కాదు. పైసలు చేతికొచ్చే ఈ జూన్‌లోనే తేల్చుకోండి. బ్యాంకులు మూడు నెలలకోసారి లెక్కలు మూసేటప్పుడు, జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి ఆఖరి వారాల్లో, వసూలు విభాగం మీద ఒత్తిడి ఉంటుంది. బేరం అప్పుడు మెత్తబడుతుంది.

దీనికి మీరు చెల్లించే ధర ఏమిటో తెలిసే దిగండి. సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడుతుంది, ఏళ్ల తరబడి కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఇచ్చిన నిబంధనల చట్రం ప్రకారం, వ్యవసాయ అప్పులు కాని వాటిలో రాజీ చేసుకున్నవారికి ఆ బ్యాంకు కనీసం 12 నెలల దాకా కొత్త అప్పు ఇవ్వకూడదు. నాన్న పేరు మీద పంట రుణం ఉంటే దానికి మీ సిబిల్‌తో సంబంధం లేదు. ఇంకో విషయం చాలామంది గమనించరు. బ్యాంకు 5 వేలు మాఫీ చేసినా, 80 వేలు మాఫీ చేసినా రిపోర్టులో పడే మాట ఒకటే. కాబట్టి ఏజెంటు "లేట్ ఫీజులు తీసేసి 1,45,000కు సెటిల్ చేస్తం" అంటే అది మీకు నష్టం. అంత తక్కువ రాయితీకి ఆ మచ్చ వేయించుకోకూడదు. మచ్చ తప్పదన్నప్పుడు రాయితీ దానికి తగ్గట్టు ఉండాలి.

ఎంతకు అడగాలి? ఇంత శాతం మాఫీ ఇచ్చి తీరాలనే నిబంధన ఎక్కడా లేదు, ఇవ్వడం బ్యాంకు ఇష్టం. అందువల్ల మీ లెక్క బ్యాంకు చెప్పే 1,58,000 నుంచి కాకుండా, మీరు ఆపిన నాటి 1,12,000 నుంచి మొదలు కావాలి. మీ చేతిలో 70 వేలున్నాయి. బంగారం మీద ఇంకో 15 వేలు తేవచ్చు. అంటే మీ గరిష్ఠం 85 వేలు. 60 వేలతో మొదలుపెట్టండి, 75 దగ్గర ఆగడానికి ప్రయత్నించండి, 85 దాటకండి. మీరు అడగకుండానే వాళ్లు 95కి వచ్చారంటే లోపల వాళ్లకున్న వెసులుబాటు ఇంకా కింద ఉందనే అర్థం. మొదటి ఫోన్‌లో చెప్పిన అంకె ఆఖరి అంకె కాదు. 85కి పైన కావాలంటే ఊళ్లో వడ్డీకి తెచ్చి కట్టకండి. సెప్టెంబర్ ఆఖరు దాకా ఆగండి, ఆ డబ్బు ఖర్చు కాకుండా నాన్న ఖాతాలోనే ఉంచండి.

బేరానికి ముందు రెండు కాగితాలు సంపాదించండి. ఒకటి మీ సిబిల్ రిపోర్టు. ప్రతి క్రెడిట్ బ్యూరో, అంటే మన అప్పుల రికార్డు ఉంచే సంస్థ, ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఖాతా ఇంకా ఆ బ్యాంకు పేరు మీదే ఉందా, రైటాఫ్ అయిందా (రాని బాకీగా లెక్కల్లోంచి తీసేశారా), మొండి బాకీలు కొనే వేరే ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్మేశారా చూడండి. అమ్మేసి ఉంటే ఇక బేరం ఆ కంపెనీతోనే, బదిలీ చేసినట్టు లెటర్ అడిగి తీసుకున్నాకే. రెండోది, 1,58,000లో అసలెంత, వడ్డీ ఎంత, లేట్ ఫీజు ఎంత, జీఎస్టీ ఎంత అన్న విడమరిచిన లెక్క. కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2022 ఆదేశాల్లో ఉంది. ఆ లెక్క అడిగినవాడితో వసూలు విభాగం మాట్లాడే తీరే మారుతుంది.

తర్వాత బ్యాంకు అధికారిక ఈమెయిల్‌కు, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఒక పేజీ రాయండి. కథ వద్దు, విషయం చాలు. ఇట్లా:

"నా కార్డు ఆఖరి నాలుగు అంకెలు ఫలానా. నెల జీతం 24,000. మా నాన్న ఆపరేషన్ ఖర్చు వల్ల ఏడు నెలలుగా కట్టలేకపోయాను. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ఆరు నెలల జీతం ఖాతా స్టేట్‌మెంట్ జతపరిచాను. ఈ బాకీకి పూర్తి, తుది పరిష్కారంగా 60,000 రూపాయలు ఒకే విడతలో, మీ సెటిల్‌మెంట్ లెటర్ అందిన ఏడు రోజుల్లోపు కట్టగలను. రాతపూర్వక జవాబు కోరుతున్నాను."

"ఒకే విడతలో" అన్న మాట ముఖ్యం. బ్యాంకును కదిలించేది అదే. మిర్యాలగూడ బ్రాంచికి వెళ్తే "కార్డుల విభాగం వేరు, మాకు తెలియదు" అనొచ్చు. అయినా ఒక కాపీ ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆధార్, పాన్ ఫొటోలు ఏజెంటు వాట్సాప్‌కు పంపకండి. బ్యాంకు దగ్గర అవి ఇప్పటికే ఉన్నాయి.

ఇప్పుడు ఏజెంటు అడిగే 20 వేల సంగతి. లెటర్ లేకుండా కట్టిన డబ్బు సెటిల్‌మెంట్ కింద జమ కాదు, మామూలు చెల్లింపుగా పడుతుంది. ముందు ఫీజులకు, పన్నుకు, వడ్డీకి పోతుంది. మీ చేతిలో 20 వేలు తగ్గుతాయి, అసలు దాదాపు అంతే ఉంటుంది. నెల తిరిగాక ఫోన్ చేసిన ఏజెంటు మారిపోతాడు, కొత్తవాడు "అట్ల ఎవరు చెప్పిండ్రు?" అంటాడు. ఇంకో కోణం, ఆ ఏజెంటు నిజంగా బ్యాంకు మనిషో కాదో మీకు తెలియదు. సెటిల్‌మెంట్ లెటర్లను నకిలీగా చేసి, సొంత యూపీఐకి డబ్బు కొట్టించుకునే మోసగాళ్లున్నారు. అట్లా కట్టేసినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బును ఆపే అవకాశం తగ్గుతుంది.

లెటర్‌లో ఏముండాలో గట్టిగా చూడండి. బ్యాంకు పేరు, తేదీ, రెఫరెన్సు నంబరు, మీ పేరు, కార్డు ఆఖరి అంకెలు, ఆ రోజుకు మొత్తం బాకీ, ఒప్పుకున్న మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కట్టాల్సిన ఆఖరి తేదీ, ఎక్కడ కట్టాలన్నది. ఇవి సాధారణంగా ఉంటాయి. తరచూ లేనివి రెండు. ఈ మొత్తం పూర్తి, తుది పరిష్కారమని, మిగతా బాకీని బ్యాంకు వదులుకుంటుందని తెలిపే వాక్యం ఒకటి. చెల్లింపు అందాక నో డ్యూస్ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదనే పత్రం) ఇచ్చి క్రెడిట్ బ్యూరోలకు తెలియజేస్తామనే వాక్యం ఇంకొకటి. ఈ రెండూ లేకపోతే మళ్లీ అడగండి. "వదులుకుంటుంది" అన్నది లేకపోతే మిగిలిన 80 వేల కోసం రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీ ఫోన్ చేస్తుంది. లెటర్ బ్యాంకు సొంత ఈమెయిల్ చిరునామా నుంచి రావాలి. వచ్చాక కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి, రెఫరెన్సు నంబరు, మొత్తం, తేదీ చదివి నిర్ధారించుకోండి. లెటర్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.

చెల్లింపు నెఫ్ట్ ద్వారా గానీ, బిల్లు చెల్లింపుల ద్వారా గానీ నేరుగా ఆ కార్డు ఖాతాకే పోవాలి. ఏజెంటు చేతికి నగదు వద్దు. ఆఖరి తేదీకి మూడు రోజుల ముందే కట్టండి. మధ్యలో ఆదివారం వచ్చి, జమ ఒక్క రోజు ఆలస్యమైనా ఒప్పందం రద్దయిందనే బ్యాంకులున్నాయి. అంకె సరిగ్గా లెటర్‌లో ఉన్నంతే ఉండాలి. 75,000 అని రాసి ఉంటే 74,990 కట్టకండి. విడతలు పెట్టుకోవాల్సి వస్తే మూడు నెలల లోపే ముగియాలి. అంతకు మించితే రిజర్వు బ్యాంకు చట్రం దాన్ని రాజీ కాక రుణ పునర్వ్యవస్థీకరణగా, అంటే షరతులు మార్చిన అప్పుగా, చూస్తుంది, బ్యాంకులు ఇష్టపడవు. ఒక్క విడత తప్పినా మాఫీ మొత్తం తిరిగి మీ మీద పడుతుందని లెటర్‌లోనే రాసి ఉంటుంది. విడతలకు రాబోయే తేదీలు వేసిన చెక్కులు అడిగితే ఇవ్వకండి. కార్డు బాకీ సివిల్ వ్యవహారం. చెక్కు బౌన్స్ అయితే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసవుతుంది. ఇప్పుడు లేని ప్రమాదాన్ని మీ చేతులతో మీరే తెచ్చుకున్నట్టవుతుంది.

కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ వచ్చేదాకా వదలకండి, వారానికో మెయిల్ పెట్టండి. నెలన్నర తర్వాత సిబిల్ మళ్లీ చూడండి. బాకీ సున్నా, ఓవర్‌డ్యూ సున్నా, స్థితి "సెటిల్డ్" అని ఉండాలి. ఇంకా పాత బాకీనే చూపిస్తుంటే బ్యాంకుకూ బ్యూరోకూ ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. లెటర్, రసీదు, సర్టిఫికెట్ మూడూ కలిపి భద్రంగా దాచండి, ఫోన్‌లో ఫొటో చాలదు. చేతిలో డబ్బు ఆడినప్పుడు మాఫీ చేసిన మొత్తాన్ని కట్టేసి "క్లోజ్డ్"గా మార్చమని అడగవచ్చు. కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి, దానికీ ముందు రాతపూర్వక హామీ తీసుకోవాలి.

హైదరాబాద్ కంపెనీ విషయం. ఇట్లాంటి సెటిల్‌మెంట్ వ్యాపారానికి రిజర్వు బ్యాంకు ఇచ్చే లైసెన్సు అంటూ ఏమీ లేదు. బ్యాంకు మీకు ఇవ్వనిది వాళ్లకు ఇవ్వదు. వాళ్లు చేసేది పైన రాసిన మెయిల్ పెట్టడమే, అదీ మీ తరఫున. 70 శాతం అని ముందే హామీ ఇచ్చినవారు అబద్ధం చెబుతున్నట్టే, ఎందుకంటే ఆ అంకె వాళ్ల చేతిలో లేదు. "మేం చెప్పేదాకా బ్యాంకు ఫోన్లు ఎత్తకండి, నోటీసులు పట్టించుకోకండి" అని కూడా అంటారు. అట్లా పట్టించుకోని నోటీసే ఏకపక్ష తీర్పుగా తిరిగొస్తుంది. ఆ 15 వేలు వాళ్లకిస్తే మీ గరిష్ఠమైన 85 వేలలోంచే పోతాయని గుర్తుంచుకోండి.

పోలీసులు రారు. కట్టలేకపోవడం నేరం కాదు, దొంగ కాగితాలతో కార్డు తీసుకుని ఉంటే తప్ప. పొలం మీది కాదు, నాన్నది. ఆయన ఈ బాకీకి జామీను కాదు. కార్డుకు ఏ ఆస్తీ తనఖా లేదు కాబట్టి తనఖా ఆస్తిని బ్యాంకు కోర్టుకు పోకుండానే స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద జప్తు నోటీసు ఇవ్వడానికి లేదు, పంట భూమికి ఆ చట్టం ఎట్లాగూ వర్తించదు. బ్యాంకు చేయగలిగింది కోర్టుకో ఆర్బిట్రేషన్‌కో వెళ్లి డిక్రీ, అంటే తీర్పు, తెచ్చుకోవడం. అప్పుడు మీ జీతంలో కొంత జప్తు చేయించుకోగలదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. మీ 24 వేల జీతంలో గరిష్ఠంగా 7,667, అదీ ఒక డిక్రీ కింద 24 నెలలకు మించకుండా. అది చిన్న విషయమేమీ కాదు, కాబట్టి నిజమైన నోటీసు వస్తే జవాబు ఇవ్వకుండా ఉండొద్దు. వాట్సాప్‌లో వచ్చే "అరెస్టు వారంటు" మాత్రం కాగితం కూడా కాదు.

లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడక వెళ్లండి. అక్కడ బ్యాంకు మనిషి ఎదురుగా కూర్చుంటాడు, పైవాళ్లతో మాట్లాడి రాయితీ ఇవ్వగలిగే స్థితిలో వస్తాడు, న్యాయమూర్తి ముందే అంకె తేలుతుంది. అక్కడ రాసుకున్న అవార్డు సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే కట్టగలిగిన అంకెకే సంతకం పెట్టండి, మొహమాటంతో వద్దు. నోటీసు అసలైనదో కాదో తెలియకపోతే నల్లగొండ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయ పరిమితికి లోబడినవారికి, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు.

ఫోన్ల సంగతి తేల్చండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ బామ్మర్దికి చేసి మీ బాకీ గురించి చెప్పడం, బెదిరించడం, తిట్టడం నిబంధనలకు విరుద్ధం. ఆయన ఫోన్‌లోని కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు, మీకొచ్చిన మెసేజీలు, తేదీ సమయాలతో బ్యాంకు నోడల్ అధికారికి మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చేమీ లేదు. 14448లో వివరాలు చెబుతారు. ఈ ఫిర్యాదును సెటిల్‌మెంట్ మెయిల్‌తో కలపకండి. రెండూ వేరు వేరుగా నడవాలి, లేకపోతే బేరం ఒకవైపు, జవాబు ఒకవైపు ఆగిపోతాయి.

పాత కార్డు బాకీ ఉన్న ఇతర పాఠకులకు ఒక మాట. ఆఖరి చెల్లింపు జరిగి మూడేళ్లు దాటిన బాకీకి కోర్టులో గడువు దాటిపోయి ఉండవచ్చు. అట్లాంటివాళ్లు "నాకు ఇంత బాకీ ఉన్నది" అని రాసి సంతకం పెట్టడానికి ముందు, చిన్న మొత్తమైనా కట్టడానికి ముందు, వకీలును అడగండి. మూడేళ్లు నిండకముందు అట్లా రాసిస్తే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నిండాక రాసిచ్చిన మాట కొత్త ఒప్పందంగా మెడకు చుట్టుకోవచ్చు.

పాప చదువు అప్పుకు దారి మూసుకుపోలేదు. విద్యా రుణంలో తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా ఉంటారు, బ్యాంకు వారి సిబిల్‌నే చూస్తుంది. మీకు బదులు మీ ఇంటావిడను పెట్టవచ్చు. ఆమె పేరు మీద బాకీలేమైనా ఉన్నాయేమో, మహిళా సంఘం అప్పు ఉంటే సరిగ్గా కడుతున్నారో లేదో ఇప్పుడే ఆమె రిపోర్టు తీసి చూడండి. పెద్ద కార్డు బ్యాంకులో దరఖాస్తు చేయకండి. బంగారం మీద తెచ్చిన 57 వేలను జీతంలోంచి నెలకు ఐదారు వేల చొప్పున తీరుస్తూ పోతే, పాప కౌన్సెలింగ్‌కు వెళ్లే నాటికి ఆ మూడు తులాలు తిరిగి ఇంట్లో ఉంటాయి. ఫీజుకు తక్కువ పడితే వాటినే మళ్లీ కుదువపెట్టవచ్చు.